పసుపు దారం మూల

వంకర కుట్టు కనబడితే నాకు తిన్నది అరగదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, ఒక జబ్బు. పెళ్లికి వెళ్లి కూర్చుంటే పక్కావిడ జాకెట్టు చంక దగ్గర ముడత పడి ఉంటుంది. ఇక తలంబ్రాలు అయ్యేదాకా నా కళ్లు ఆ ముడత మీదనే. పెళ్లికూతురు ఎట్లా ఉందని ఇంటికొచ్చాక మా ఆయన అడిగితే చెప్పలేను.

సూరత్ గోడాదరాలో మా గల్లీలో ఏ ఇంటి తలుపు తీసినా చీరల మూటలే కనిపిస్తాయి. మార్కెట్ నుంచి వస్తాయి. ఆడవాళ్లం ఇళ్లలోనే కూర్చుని లేసు కుట్టి, ఫాల్ వేసి, దారాలు కత్తిరించి మడతపెట్టి పంపుతాం. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ మిషన్ ముందు కూర్చునే నా నడుము అరిగింది. కానీ నేను కుట్టిన లేసు ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఆ పొగరు నాకు బాగా ఉండేది. ఉండేది అంటున్నాను గానీ, ఇప్పటికీ పోయిందని చెప్పలేను.

మా అత్తమ్మ మిషన్ ముట్టదు. ఆమెది చేతి కుట్టు, అదీ బొంతలే. కరీంనగర్ దిక్కు నుంచి మామ పవర్‌లూమ్ పనికి సూరత్ వచ్చినప్పుడు ఆయన వెంట వచ్చింది. అప్పటి నుంచి ఈ గల్లీలో పుట్టిన మనవాళ్ల పిల్లలు చాలామంది ఆమె బొంత మీదే పడుకుని, దాన్ని తడిపి, పెరిగారు. మా కింది వాటాలో ఉండే గుజరాతీ ఆవిడ కూడా తన మనవడికి గోదడీ, అంటే ఇట్లాంటి బొంతే, కావాలని ఆమెనే అడిగి కుట్టించుకుంది. బజార్లో నన్ను ఎవరైనా గుర్తుపడితే, లేసు కుట్టే మనిషినని కాదు, బొంతలమ్మ కోడలినని.

కొన్నేళ్లుగా ఆమె చేతులు వణుకుతున్నాయి. చాయ్ గ్లాసు సగమే పోసి ఇవ్వాలి. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది మసక. డాక్టర్ గోలీలు రాసిచ్చి, వీటితో వణుకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదన్నాడు. ఆమె సూది పెట్టె అలమారి పైకి చేరింది. ఎవరూ దింపలేదు, ఆమె కూడా అడగలేదు.

మా అమ్మాయి మొదటి కాన్పుకు డిండోలిలో అత్తగారింటి నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం అత్తమ్మ అడిగింది.

"పెట్టె దించు పిల్లా," అంది పొద్దున్నే, నేను ఇంకా మొహం కడుక్కోకముందే. "మునిమనుమనికి బొంత ఎవలు కుడతరు, బజారోడా?"

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డను కొత్తబట్ట మీద వేయరు. ఇంట్లో పెద్దవాళ్లు కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలుబట్టతో బొంత కుట్టి దాని మీద వేస్తారు. కుట్టడం ఒక మూల నుంచి మొదలుపెడతారు. ఆ మూలలో వేసే మొదటి టాకాలకు, అంటే కుట్లకు, దారాన్ని పసుపులో ముంచుతారు. ఆ పసుపు దారం ఎవరు వేస్తే బొంత వాళ్ల చేతిది. వాళ్ల ఆయుష్షు బిడ్డకు తగులుతుందని నమ్మకం. ఒకసారి వేశాక దాన్ని విప్పకూడదు. చిరిగి పీలికలైనా ఆ మూల అట్లాగే ఉండాలి.

చీరల ఊళ్లో ఉంటూ, ఇంటి నిండా చీరలు పెట్టుకుని, పసిగుడ్డుకు పనికొచ్చే నూలుచీర ఒక్కటి దొరకలేదు నాకు. అన్నీ జారిపోయే పాలిస్టర్లే. చివరికి అత్తమ్మే తన ట్రంకు పెట్టె అడుగు నుంచి రెండు పాత నేతచీరలు, మామ ధోతి తీసింది. ధోతిని కాసేపు ఒళ్లో పెట్టుకుని, "మనిషి గరుకు గని, బట్ట మెత్తన," అంది. మా అమ్మాయి నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది.

నేల తుడిచి బట్టలు ఒకదాని మీద ఒకటి పరిచాం. ముడతలు లేకుండా అరచేత్తో సాపు చేసి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు బరువు పెట్టాం. అత్తమ్మ దండం పెట్టుకుని పసుపు దారం ఎక్కించమంది. ఎక్కించి ఇచ్చాను. ఆమె వేసిన టాకాలు చూస్తుంటే నా పళ్లు గిట్టకరుచుకుపోయాయి. ఒకటి గింజంత ఉంటే ఒకటి వేలెడు. వరస మూలకు పోవాల్సింది పోయి మధ్యకు తిరిగింది.

"ఎట్లున్నది?" అంది.

"మంచిగున్నది అత్తమ్మా."

"నీకు మంచిగ కనబడదు. నాకు తెల్వదా నీ సంగతి." కానీ మొహం నిండా సంతోషం.

మర్నాటి నుంచి పొద్దునపూట ఆ బొంత ముందు కూర్చునేది. ఇక ఒప్పుకోవాలి గదా, ఆ కుట్లు మరీ దారుణంగా ఉన్నాయి. కొన్నిచోట్ల దారం పైకి లేచి ఉచ్చులా నిలబడింది. పసిపిల్లల కాలివేలికి దారం చుట్టుకుని ఎర్రగా ఉబ్బిపోవడం నేను మా గల్లీలోనే చూశాను. ఆ భయం అబద్ధం కాదు. కానీ ఒక్క భయమే అయితే, చెప్పి సరిచేసేదాన్ని. డిండోలి నుంచి వియ్యపురాలు వచ్చి ఆ బొంత చూస్తుంది. నా ఇంట్లోంచి, నా చేతికింది నుంచి వంకర కుట్టు బయటికి పోతుంది. నేను ఓర్చుకోలేనిది అది.

ఒకసారి మెల్లగా అడిగి చూశాను. "అత్తమ్మా, మిగిలింది నేను మిషన్ మీద కొట్టనా? నీకు నడుము నొప్పి గదా."

"మిషన్ కుట్టు బిర్రుగుంటది, పిల్లకు ఒత్తుకుంటది. నా చెయ్యి ఉండంగ మిషన్ ఏంది?" అంది, సూది ఆపకుండా.

అంతే. ఇంకోసారి అడగలేదు. అడగడం కన్నా సులువైన దారి దొరికింది నాకు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అత్తమ్మ కింది వాటావాళ్ల ఓట్లా మీద, అంటే ఇంటిముందు అరుగు మీద, ముసలివాళ్లతో కాసేపు కూర్చునేది. మా ఆయన కార్ఖానాకు పోయి ఉంటాడు. అమ్మాయి లోపలి గదిలో కూలర్ పెట్టుకుని నిద్ర. నేను మేడమెట్ల మీద అత్తమ్మ చెప్పుల చప్పుడు ఆగేదాకా వినేదాన్ని. ఆ తరువాత బ్లేడు తీసుకుని, పొద్దున ఆమె కుట్టినదంతా విప్పేసి, మళ్లీ కుట్టేదాన్ని.

మామూలుగా కుట్టినా సరిపోయేది కాదు. నా చెయ్యి ఆమెకు తెలుసు. అందుకని మా అమ్మాయి చిన్నప్పుడు ఆమె కుట్టిన బొంత అలమారిలోంచి తీసి ముందు పెట్టుకున్నాను. ఆమె చెయ్యి బాగున్న రోజుల్లో టాకా ఎంత పొడుగు వేసేది, దారం ఎంత బిగించేది, వరస మలిపేటప్పుడు ఎక్కడ ముడివేసి లోపలికి దోపేది, అన్నీ చూసి అట్లాగే కుట్టాను. ఏమాటకామాటే చెప్పాలి, ఆ పనిలో నాకు ఆనందం కూడా ఉండేది. అచ్చం ఆమెలాగే కుడుతున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

పసుపు దారం మూల ఒక్కటే ముట్టుకోలేదు. అంతా విప్పడానికి చెయ్యి ఆడింది గానీ, అక్కడ మాత్రం బ్లేడు పెట్టడానికి భయమేసింది. పాపమని కాదు, బిడ్డకు అరిష్టమని.

మొదటిరోజు సాయంత్రం అత్తమ్మ బొంత ఒళ్లోకి లాక్కుని బొటనవేలితో వరస వెంట తడుముకుంటూ పోయింది. నేను వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తూ చూపంతా అటే పెట్టాను. ఆమె వేలు పోయిన దారినే మళ్లీ వెనక్కి వచ్చింది.

"పిల్లా, ఇటు రా. సూడు జర."

కత్తి పక్కన పెట్టి వెళ్లాను.

"చెయ్యి కుదిరింది. ఈ పసుపు మూల కాడ ఆగలే గని, తర్వాత కుదిరింది సూడు. పని జేస్తనే చెయ్యి నిలబడతది. ఇన్నొద్దులు పెట్టె పైన పెట్టి ఖరాబ్ జేసుకున్న."

మసక కన్ను కూడా మెరిసినట్టనిపించింది నాకు. అప్పుడు తప్పు చేశానని అనిపించలేదు. ఎంత మంచిపని చేశానని అనిపించింది. ఆ రాత్రి మా ఆయనకు రెండు రొట్టెలు ఎక్కువ వేశాను.

రోజూ అదే వరస. ఆమె పొద్దున కుట్టడం, నేను మధ్యాహ్నం విప్పి కుట్టడం. పని తొందరగా తెమలదు గదా, అందుకని ఆమె కిందికి దిగేటప్పుడు, "నిమ్మలంగ కూసొని రా అత్తమ్మా, వాళ్లింట్ల చాయ్ తాగే రా, ఇంట్ల ఏం పనున్నది," అనేదాన్ని. అంతకుముందు ఆమె కింద ఎక్కువసేపు కూర్చుంటే విసుక్కునే నోరే ఇది. ఆమె ఆ మాటను అక్కడ ముసలివాళ్లందరికీ చెప్పుకుందట, మా కోడలు ఈ మధ్య నన్ను ఎంత మంచిగ చూస్తుందోనని. కింది వాటా ఆవిడే నాకు చెప్పి, నా వీపు తట్టింది.

ఒకరోజు గోలీల డబ్బా దగ్గర చూస్తే మందు అట్లాగే ఉంది. అడిగాను.

"బంద్ జేసిన," అంది. "చెయ్యి మంచిగయినంక ఎందుకు? అవి మింగితే పొద్దంత మత్తు."

"డాక్టర్ చెప్పకుండ బంద్ జేస్తరా అత్తమ్మా?"

"డాక్టర్ నా కుట్టు సూసిండా? నువ్వు సూస్తున్నవ్ గద, చెప్పు. చెయ్యి కుదిరిందా లేదా?"

లేదు అంటే ఎందుకు లేదో చెప్పాలి. అవును అంటే ఆమె ఇక గోలీలు ముట్టదు. "కుదిరింది గని..." అన్నాను. ఆ తరువాతి మాట ఆమె వినలేదు. ఆమెకు కావలసింది అందింది.

గోలీలు మానేశాక వణుకు పెరిగింది. నాకు తెలుస్తోంది. పొద్దున ఆమె కుట్టిన చోట సూదిపోట్లు తప్ప వరసంటూ ఉండేది కాదు. ఆమె బొటనవేలికి రోజూ నా కుట్టే తగులుతోంది గనుక ఆమెకు తెలియదు. చాయ్ గ్లాసులో సగం కాస్తా పావుకు దిగింది. నేను ఆ పావు కూడా చూసి, చూడనట్టు ఊరుకున్నాను.

బొంత ముప్పావు వంతు అయ్యేసరికి అత్తమ్మ దాన్ని చంకలో పెట్టుకుని ఓట్లా మీదికి తీసుకుపోయింది. అందరూ తడిమి చూశారు. ఈ వయసులో ఈ కుట్టేమిటని ఆశ్చర్యపోయారు. మా ఎదురింటావిడ అప్పుడే తన కోడలి సీమంతం పనుల్లో ఉంది. ఆవిడకు అత్త లేదు, అమ్మ లేదు. అక్కడికక్కడే అడిగింది: "పెద్దమ్మా, మా బొంతకు గూడ నువ్వే పసుపు దారం ఎయ్యాలె. నీ అంత చెయ్యి ఎవలకున్నది?"

అత్తమ్మ ఒప్పుకుని మెట్లెక్కి వచ్చింది. అంత తొందరగా మెట్లెక్కడం నేను ఎన్నో ఏళ్లుగా చూడలేదు.

ఆపాలని చూశాను. "నీకెందుకు అత్తమ్మా, మోకాళ్ల నొప్పులు పెట్టుకొని."

"చేత్తోని కుట్టుడా, మోకాళ్లతోనా?" అంది. పెట్టెలోంచి తన మంచి చీర తీయమంది.

ఎదురింట్లో బొంత మొదలుపెట్టడానికి ఇంకా వారం ఉంది. చెప్పడానికి నాకు ఆ వారమంతా ఉంది. రోజూ పొద్దున చెప్తాననుకునేదాన్ని, మధ్యాహ్నం కాగానే బ్లేడు తీసుకునేదాన్ని. ఎట్లాగోలా గండం గడుస్తుందనుకున్నాను. పసుపు దారమే గదా, నాలుగు టాకాలే గదా, చుట్టూ అంతమంది ఉంటే ఎవరు అంత పట్టిపట్టి చూస్తారులే అనుకున్నాను. ఆడవాళ్లు బొంత ముందు కూర్చుంటే ఏం చూస్తారో నాకు తెలియనట్టు.

ఎదురింట్లో చాప వేసి, మధ్యలో తెల్ల ధోతులు పరిచారు. గల్లీలో మనవాళ్ల ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. అత్తమ్మకు బొట్టు పెట్టి, పసుపు దారం ఎక్కించిన సూది చేతికిచ్చారు. నేను ఆమె వెనకే కూర్చున్నాను.

సూది బట్ట మీదికి వెళ్లింది. గుచ్చుకోలేదు. మళ్లీ వెళ్లింది. మొన చాలాసేపు బట్ట మీద తడబడి పక్కకు జారింది. ఎడమచేత్తో కుడిచేయి మణికట్టు పట్టుకుంది. ఒక టాకా పడింది, జానెడు పొడుగున. రెండోదానికి సూది ఆమె వేలిలోనే దిగింది. తెల్ల ధోతి మీద రక్తం చుక్క పడింది. ఎవరో చప్పున బట్ట వెనక్కి లాగారు.

ఎదురింటావిడ మంచి మనిషి. "నీ చెయ్యి తాకింది పెద్దమ్మా, గది చాలు మాకు. మిగిలింది మేం చూసుకుంటం," అంది సూది అందుకుంటూ.

అంతటితో పోయేదే. కానీ మూలన కూర్చున్న ఒకావిడ, ఏ మాటా నోట్లో దాచుకోని మనిషి, "మరి మొన్న తెచ్చి సూపిచ్చిన బొంత ఎవలు కుట్టిన్రవ్వా?" అంది.

"నేనే," అంది అత్తమ్మ.

"ఈ చేత్తోనా?"

"నేనే కుట్టిన. నా కోడలున్నది, అడుగు."

వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. ఒకవేళ ఉండుంటే నేను బతికిపోయేదాన్ని. తన తరఫున సాక్ష్యం చెప్పే మనిషి ఉందన్న ధీమా అది. అందరి మొహాలూ నా వైపు తిరిగాయి. ఒక్క మాట చాలు. ఆమె అబద్ధమాడలేదు, ఆమెకు తెలియకుండా నేనే విప్పి కుట్టాను. అంతే.

"పొద్దటి సంది జ్వరమున్నది అత్తమ్మకు. అందుకే చెయ్యి ఆగుతలేదు," అన్నాను.

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎదురింటావిడ చాయ్ తేవడానికి లేచింది. పక్కనున్న అమ్మాయి ఒకతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలి కుట్టును ముసలమ్మ తనదని చెప్పుకు తిరిగింది, ఇప్పుడు కోడలు వెనకేసుకొస్తోంది. వాళ్లకు అర్థమైంది అదే. నేను మంచి కోడలినయ్యాను, ఆమె అబద్ధాలకోరు అయింది.

ఇంటికి వచ్చాక అత్తమ్మ మంచి చీర కూడా మార్చుకోలేదు. మంచం మీద కూర్చుని, "బొంత తే," అంది.

తెచ్చి ఇచ్చాను. ఈసారి తొందరపడకుండా, మొదటి వరస నుంచి బొటనవేలితో తడమడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి, తన వేలికి గుచ్చుకున్న చోటు నొక్కుకుని, మళ్లీ తడిమింది. చుట్టూ తిరిగి తిరిగి పసుపు మూలకు వచ్చింది. అక్కడ వేలు నిలిచిపోయింది.

"ఇదొక్కటే నాది," అంది.

నేను నేల మీద కూర్చుండిపోయాను. అన్నీ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, మధ్యమధ్య పిల్ల కాలివేలు, ఉచ్చు, దారం అంటూ సాకులు కూడా చెప్పాను.

"రోజూనా?" అంది.

"రోజూ."

"ఎప్పుడు?"

"నువ్వు కిందికి పోయినప్పుడు."

పసుపు మూలను అరచేత్తో కప్పింది. తరువాత, "అందుకేనా, చాయ్ తాగి నిమ్మలంగ రమ్మంటివి," అంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నా మొహం మీద ఆ బొంత విసిరికొట్టినా బాగుండేది. కోడలు తనను ప్రేమగా చూస్తోందని నలుగురికీ చెప్పుకున్న మాట కూడా ఆ ఒక్క ప్రశ్నతో పోయింది.

"ఇప్పుడే పోత అత్తమ్మా. ఇంటింటికి పోయి చెప్త, నీకు తెల్వదని, నేనే జేసిన్నని," అన్నాను లేస్తూ.

"ఏమని చెప్తవ్?" అంది. "ముసల్దానికి చాతగాకపోతే నేను దొంగసాటుగ దిద్దిన, అది తడుముకొని మురిసింది అని చెప్తవా? వద్దు. అబద్ధమాడిందనుకుంటె అనుకోనీ. అబద్ధమాడెటోళ్లను తిడతరు. గిట్లాటోళ్లను సూసి నవ్వుతరు."

బ్లేడు అడిగింది. ఎందుకో అర్థం కాక ఇచ్చాను. పసుపు దారం ముడి కింద దాన్ని పెట్టింది.

"అత్తమ్మా, విప్పొద్దు, బిడ్డకు..."

"బొంత నీది. పసుపు దారం నీదే ఉండాలె. ఉత్తగ నా పేరేంది దాని మీద?"

ఆ వణికే చేతులతో తాను వేసిన కుట్లు తానే విప్పుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. అదంతా అయ్యేసరికి కింద పిల్లలు బడినుంచి వచ్చిన గోల వినబడుతోంది. దారం ముక్కలు కొంగున ముడివేసుకుంది. ఆ తరువాత మంచినీళ్లు, గోలీలు అడిగి తీసుకుంది. ఆ రోజు నుంచి ఓట్లా మీదికి పోలేదు. కిందివాళ్లు పిలిచినా మోకాళ్ల నొప్పులనేది.

మిగిలిన బొంత నేను కుట్టాను. నాలాగే కుట్టాను, ఆమెలాగా కాదు. మూల మాత్రం ఖాళీగా వదిలేశాను. పసుపు కలుపుకుని, దారం ముంచి, ఆరబెట్టి, సూదికి ఎక్కించుకున్నాను కూడా. చెయ్యి రాలేదు.

ఆడపిల్ల పుట్టింది. పాపను తొట్టెలలో వేసే రోజున డిండోలి నుంచి వియ్యపురాలు, గల్లీలో ఆడవాళ్లు అందరూ వచ్చారు. పాపను బొంతలో చుట్టి అత్తమ్మ ఒళ్లో పెట్టారు. వియ్యపురాలు బొంత అంచు వేళ్ల మధ్య రుద్ది చూసి, "ఎంత సన్నటి కుట్టు పెద్దమ్మా. ఈ వయసుల నీ చెయ్యి ఇట్లున్నదంటే మొక్కాలె," అంది.

"నాది గాదమ్మా," అంది అత్తమ్మ, అందరికీ వినబడేట్టు. "అంత మా కోడలే కుట్టింది. నేనే ఉత్తగ నాదని చెప్పుకు తిరిగిన."

"ఇప్పుడన్న ఒప్పుకున్నది," అని మూలనుంచి అదే గొంతు. నలుగురు నవ్వారు.

నేను పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. అత్తమ్మ నా వైపు చూసింది. వద్దని ఆమె ముందే చెప్పింది గదా, ఆ మాట ప్రకారమే నోరు మూసుకున్నానని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ ఆ క్షణాన, చెప్పాల్సిన పని తప్పిందని నా లోపల హాయిగా అనిపించింది. తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది దానికే. ఆ తరువాత అందరూ వచ్చి నా కుట్టును మెచ్చుకున్నారు. నేను తలూపుతూ అందరికీ బొట్టు పెట్టాను.

మొన్న మా అమ్మాయి పాపను తీసుకుని వచ్చింది. బొంత నా చేతిలో పెట్టి, "అమ్మా, ఈ మూల కుట్టుడు మర్చిపోయినవా? ఉతికినప్పుడల్ల లోపలి బట్ట అక్కడికి జారి ఉండగడుతుంది. పాపకు వీపుల ఒత్తుకుంటుంది," అంది.

చూస్తే నిజమే. నా సన్నటి కుట్లన్నీ బిగువుగా ఉన్నాయి. ఆ ఒక్క మూల గడ్డకట్టినట్టు లేచి ఉంది.

అమ్మాయి స్నానానికి పోయాక దారం పసుపులో ముంచి ఆరబెట్టాను. సూదికి ఎక్కించి, దారం ఉండ, బొంత తీసుకుని అత్తమ్మ మంచం పక్కన కూర్చున్నాను. పాప ఆమె పక్కలోనే నిద్రపోతోంది. గోలీల వల్ల చెయ్యి ఇప్పుడు కొంచెం నయం. పాప మీద ఈగలు తోలేంత నయం.

"అత్తమ్మా, ఈ మూల నువ్వే ఎయ్యి," అన్నాను. "ఎట్ల పడితే అట్ల పడనీ. నీదే ఉండాలె."

సూది తీసుకుంది. బొంత ఒళ్లోకి జరుపుకుంది. బొటనవేలు ఆ ఖాళీ మూల మీద పెట్టి, ఉండకట్టిన బట్టను మెల్లగా సాపు చేసింది. వేస్తుందనే అనుకున్నాను. నా ప్రాణం లేచి వచ్చింది.

తల ఎత్తి నా మొహంలోకి చూసింది. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"ఏస్త గని పిల్లా, నేను అటు కన్నుమూసి నిద్రపోంగనే నువ్వు విప్పవని నాకేం నమ్మకం?"

విప్పను అనాలి. నాలుక దాకా వచ్చింది. కానీ నా కళ్లు అప్పటికే ఆ మూల మీద ఉన్నాయి, వరస ఎటు పోవాలో చూస్తూ. అది ఆమె కూడా చూసింది. సూదిని దారం ఉండకు గుచ్చి, నా చేతికిచ్చింది.